బయటినుంచే చూసిన ఫోటోలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాయినకు చీరల దుకాణం ఉంది. మాది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. ఎవరైనా పాత చీర ఫోటో ఫోన్‌కు పంపితే చాలు, అంచూ కొంగూ చూసి అలాంటిదే ఊళ్లో నేయించి ఇస్తాడు. కొత్త బేరాలన్నీ ముక్కూ మొహం తెలియని నంబర్ల నుంచి వచ్చేవే.

నేను ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్తాను. భద్రత చూడడం నా పని. ఒకరోజు ఆఫీసులో కలకలం. ఫోటో ఫైలును విప్పి తెరమీద బొమ్మగా చూపించే చిన్న ప్రోగ్రాంలో లొసుగు బయటపడింది. లెక్కలేనన్ని యాప్‌లు దాన్నే వాడుకుంటాయి. ఫైలు తన కొలత ఎంతని చెబితే అంతే నమ్మి చోటిస్తుందట. కొలత తక్కువ చెప్పి సరుకు ఎక్కువ కుక్కి పంపితే, అది పక్కకు పొర్లి, పంపినవాడికి ఫోన్‌లోకి దారి దొరుకుతుంది. కంపెనీ కంప్యూటర్లన్నీ వెంటనే సరిచేశాం. నాయిన పాత ఫోన్‌కు మాత్రం అప్‌డేట్ రాలేదు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత!

"నాయినా, అప్‌డేట్ ఒచ్చేదాంక ఎర్కలేనోళ్ల ఫోటోలు తెరవకు. ఫోన్ల ఉన్నయన్నీ దొంగల పాలైతయ్" అని గట్టిగానే చెప్పాను.

రెండు రోజులాగి దుకాణానికి వెళ్తే, గర్వంగా ఫోన్ చూపించాడు. "ఒక్కటి గూడ తెరవలే బిడ్డా. చిన్నగ కనిపిస్తది గదా, బయటినుంచే చూసి ధర చెప్తున్న."

నవ్వాలో తల కొట్టుకోవాలో తెలియలేదు. బీరువా అద్దంలోంచి మడత చీరను చూసినట్టు చూస్తున్నాడాయన. చిన్న బొమ్మ చూపాలన్నా ఫోన్ లోపల ఆ ఫైలు విప్పాల్సిందే.

"బయట అనేదే లేదు నాయినా! కనిపించిందంటేనే లోపలికి ఒచ్చినట్టు!" అని దుకాణానికొచ్చిన వాళ్లందరి ముందూ అరిచాను. ఫోటోలు వాటంతటవి ఫోన్‌లోకి దిగకుండా సెట్టింగ్ మార్చి ఇచ్చాను. ఆయన ఫోన్ తీసుకుని గల్లాపెట్టె మీద బోర్లించి పెట్టాడు.

తర్వాత అప్‌డేట్ వచ్చింది. నేనే వేసి, ఇక భయం లేదని చెప్పాను.

మొన్న నేను ఆఫీసులో ఉండగా ఫోన్ చేశాడు. "ఎవరో ఆమె, వాళ్లమ్మ చీర ఫోటో పంపిన అని రాసింది. గిది చూడొచ్చునా బిడ్డా?"

చూడొచ్చన్నాను.

"జర నువ్వొచ్చి చూడరాదు" అన్నాడు.

సాయంత్రం వెళ్లేసరికి ఆమె తాను పంపిన ఫోటోను తీసేసింది. నేయడానికి వేరేచోట ఇచ్చేశామని కింద రాసింది. "పోనీ తియ్" అన్నాడు నాయిన, నావైపు చూడకుండా. నాకు ఏడుపొచ్చింది. చీరను తడిమి చూసి అది ఏ ఇంటి మగ్గం మీద నేసిందో చెప్పే మనిషి, నా అరుపుకు జడిసి ఒక చీర బొమ్మ చూడలేకపోయాడు.