గోదావరిఖనిలో చెయ్యెత్తి మాట్లాడాను

ముందే చెప్పేస్తాను, ఈ ప్రయాణానికి కారణం నా ఉపన్యాసమే. నేను హన్మకొండ దగ్గర ఒక సర్కారు బడిలో లెక్కల మాస్టర్ని. ఉపాధ్యాయుల సభ ఒకదాంట్లో "పిల్లల చదువును పిల్లలే నిర్ణయించుకోవాలి" అని అరగంట మాట్లాడి, చప్పట్లు కొట్టించుకుని, ఆ వీడియోను బంధువుల గ్రూపులన్నిటికీ పంపాను. మా అమ్మాయి శ్రావ్య కూడా చూసింది. అప్పటికి ఆమె నేను చేర్పించిన హాస్టల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం. దసరా సెలవులకు ఇంటికొచ్చి, మళ్లీ పోనంది. నెలన్నర నాతో సరిగా మాట్లాడలేదు. చివరికి ఒకరోజు, "గోదావరిఖనిల ఒక జాగ ఉందట. ఏం చదవాల్నో పిల్లలే చూసుకుంటరట. పోయి చూస్త" అంది. నేనూ వస్తానన్నాను. తప్పులు వెతకడానికే వస్తున్నానని మాత్రం చెప్పలేదు.

శనివారం ఉదయం 7.40 రైలు. కాజీపేటలో నేను ధీమాగా తీసుకెళ్లిన ప్లాట్‌ఫారం తప్పు. పరుగెత్తి, శ్రావ్య మొదట చూపించిన దానికే వచ్చాం. ఎదురు సీట్లో ఒక పెద్దాయన, సెకండ్ షిఫ్టు డ్యూటీకి పోతున్న గని కార్మికుడు.

"బిడ్డా, ఏం సదువుతున్నవ్?" అని శ్రావ్యను అడిగాడు.

"ఎంపీసీ," అన్నాను నేను.

"ఎక్కడ?"

"హైదరాబాద్‌ల. ఒంట్ల బాగలేక కొన్నొద్దులు ఇంటికాడ ఉంటంది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సారూ, బిడ్డకు మాటలు రావా ఏంది?" అన్నాడు. శ్రావ్య కిటికీ వైపు తిరిగింది.

9.20కి రామగుండంలో దిగాం. స్టేషన్ బయటే షేర్ ఆటోలుంటాయి. దారిలో దూరంగా వరుసగా గుట్టలు కనిపిస్తే, అవి ఎన్ని కోట్ల ఏళ్ల కిందటివో మా అమ్మాయికి వివరించడం మొదలుపెట్టాను. డ్రైవర్ వెనక్కి తిరిగి, "గుట్టలు కావు సార్. ఓపెన్‌కాస్టు గనిల బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి," అన్నాడు. చౌరస్తాలో ఇడ్లీ తిన్నాం. చట్నీ కారంగా, బాగుంది. దాని గురించి ఉపన్యాసం ఇవ్వలేదు.

ఆ జాగ ఒక పాత క్వార్టరు. రెండు గదులు, వెనకాల రేకుల షెడ్డు. నడిపే రమక్క ఒకప్పుడు ప్రైవేటు బడిలో టీచరు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు పదిహేను మంది దాకా ఉన్నారు. ఎవరు ఏం నేర్చుకోవాలో వాళ్లే అనుకుంటారు, పరీక్షలు ఓపెన్ స్కూల్లో రాస్తారు. పదకొండింటికి మీటింగు. దాన్ని నడిపించింది రమక్క కాదు, అఖిల అనే పదిహేడేళ్ల అమ్మాయి. గోదావరి అవతలి కాసిపేట అనే ఊరి నుంచి రోజూ రెండు బస్సులు మారి వస్తుందట.

"శ్రావ్యా, ఇక్కడ ఏం నేర్చుకుందామనుకుంటున్నవ్?" అని అడిగింది.

"ఆమెకు లెక్కలంటే ప్రాణం," అన్నాను.

"సార్, ఆమెను అడిగినం. మీరు మాట్లాడాల్నంటే చెయ్యెత్తాలె."

ఎత్తాను. అఖిల చూసి, "మీది తర్వాత," అంది. ఇరవై ఆరేళ్లుగా పిల్లలు ఎత్తిన చేతుల్ని చూసీ చూడనట్టు పాఠం చెప్పుకుపోయినవాణ్ణి. చెయ్యి ఎంత లాగుతుందో ఆ రోజు తెలిసింది.

శ్రావ్య మెల్లగా చెప్పింది.

"హాస్టల్‌ల పొద్దున ఐదింటి సంది రాత్రి పదిదాంక కూసోవెడ్తరు. లెక్కలు మంచిగనే చేసేదాన్ని. ఒకరోజు పేపర్ ముందట పెట్టుకుంటే అంకెలు కనవడుతున్నయ్ గని ఏం అర్థం కాలే. బాత్రూంల కూసొని ఏడ్సిన. ఇంటికి ఫోన్ చేస్తే, వీక్లీ టెస్టుల ఎన్ని మార్కులొచ్చినయని నాన్న అడిగిండు."

నా చెయ్యి దానంతటదే కిందికి దిగింది. ఆ ఫోన్ నాకు గుర్తుంది. తొందరగా పెట్టేశాను కూడా. ఆ వారమే ఉపన్యాసం రాసుకుంటున్నాను.

"ఇప్పుడు నీకేం గావాలె?" అఖిల అడిగింది.

"తెల్వది."

"ఫికర్ లేదు. నేను గూడ వచ్చినంక ఆర్నెల్లు ఊకెనే కూసున్న. ఇప్పుడు మోటర్ వైండింగ్ నేర్చుకుంటున్న. మా నాయిన బొగ్గుబాయిల పనిచేస్తడు. నన్ను చూసి నవ్వుతడు గని, ఇంట్ల మోటర్ కాలిపోతే నా ముందటనే తెచ్చిపెడ్తడు."

నా వంతు వచ్చాక, రేపు వీళ్లకు ఉద్యోగాలెలా వస్తాయని అడిగాను.

"వస్తయని నేను మాటియ్యలేను సార్," అంది రమక్క. "ఇద్దరు నచ్చక మధ్యలనే ఇడిసిపోయిండ్రు గూడ. మీరు ఫీజు కట్టిన కాలేజీ మాటిచ్చిందా?"

అక్కడ మధ్యాహ్నం వంట అందరిదీ. నాకు ఉల్లిగడ్డలు ఇచ్చారు. అవి కోస్తున్నప్పుడు కళ్ల నీళ్లు ఎందుకొచ్చాయో ఎవరూ అడగలేదు, నాకది మేలైంది. రెండున్నరకు ఓపెన్‌కాస్టు గనిలో రాయి పేల్చే బ్లాస్టింగు. కిటికీలు గజగజలాడాయి. నేను లేచి గుమ్మం దాకా ఉరికాను. పిల్లలెవరూ తలెత్తలేదు.

మూడింటికి శ్రావ్య నా దగ్గరికొచ్చింది. "వారంల మూడు రోజులు వస్త. నేనొక్కదాన్నే రైల్ల వచ్చి పోత. మార్చి దాంక చూస్త. నచ్చకుంటే నేనే చెప్త." రైలు, గుంపు, రోజులు బాగాలేకపోవడం... అభ్యంతరాలన్నీ పొద్దున్నుంచే సిద్ధం చేసుకుని ఉన్నాను. నోట్లోంచి మాత్రం "సరే" అని వచ్చింది.

పిల్లలతో వెళ్లాలనుకునేవారు పొద్దుటి రైలుకే వెళ్లండి. మీటింగు చివరిదాకా కూర్చోండి. మీ అభిప్రాయాలు ఇంట్లో పెట్టి తాళం వేసి వెళ్తే సామాను తేలికవుతుంది.

తిరుగు రైలు 4.50కి. సీట్లు దూరదూరంగా దొరికాయి. జమ్మికుంటలో నా పక్కనాయన దిగాక శ్రావ్య వచ్చి కూర్చుంది.

"నాన్నా, నువ్వు లెక్కల సార్ ఎందుకయినవ్?"

ఆ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "మా నాయిన అప్లికేషన్ నింపిండు," అన్నాను.

శ్రావ్య ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో! "మరి నువ్వేం కావాల్ననుకున్నవ్?"

బస్టాండు దగ్గర దుకాణాలకు బోర్డులు రాసే పెయింటర్ ఒకాయన ఉండేవాడని, ఆయన దగ్గర చేరాలని రెండేళ్లు కలలు కన్నానని మొదలుపెట్టాను. ఏ అక్షరాన్ని ఆయన ఎలా తిప్పేవాడో గాలిలో రాసి చూపించాను. కాజీపేట వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. మా అమ్మాయి ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నది.