విప్పి కుట్టిన గేర్‌బాక్స్

2023 మార్చి. గుంటూరులో ఎండుమిర్చి సీజన్ మంచి ఊపులో ఉంది. పొన్నూరు రోడ్డులోని మా మెకానిక్ షెడ్డు ముందు ఒక పాత పెట్రోలు వ్యాన్ వచ్చి ఆగింది. నడిపింది యాభై దాటిన నాగరత్నమ్మ. కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల ముఠాకు ఆవిడే మేస్త్రి. రోజూ పొద్దున్నే ఊళ్లో ఏడుగురిని ఎక్కించుకుని పనికి తీసుకొస్తుంది. పక్క సీట్లోని మనిషి మాత్రం కందిన అరచేతులు ఊదుకుంటోంది.

"ఆవిడ చేతులకేమైందక్కా?"

"మా కోటమ్మ గేరు పట్టుకునే మనిషి తమ్ముడూ. వదిలితే మూడో గేరు ఊడొచ్చేస్తది."

పగలబడి నవ్వాను. వ్యాన్ నడిపి చూస్తే నిజమే. గేర్‌బాక్స్‌లో పళ్లు అరిగి గుండ్రబడితే ఒకదాన్నొకటి పట్టుకోలేవు, బరువు పడగానే గేరు న్యూట్రల్‌లోకి జారిపోతుంది. ఆ పాత మోడల్‌కు లోపలి సామాను తెప్పించాలంటే వారం పడుతుంది. ఆవిడకు అంత టైము లేదు.

"రేపు పొద్దున కొత్త స్టోరేజీలో పని మొదలు. మేం ఎల్లకపోతే ఇంకో ముఠాకి ఇచ్చేస్తారు. ఈ సీజనంతా మాకు అదే పని."

ఇక మిగిలిన దారి సెకండ్‌హ్యాండ్ గేర్‌బాక్స్ ఒక్కటే. వ్యాన్ షెడ్డులో పెట్టించి, కోటమ్మను స్కూటర్ మీద మిగతావాళ్లున్న పనిచోట దింపి వచ్చి, పాత సామాను కొట్టుకు బయలుదేరాను. నాగరత్నమ్మ కూడా స్కూటర్ వెనక ఎక్కేసింది. "గేర్‌బాక్స్ చూస్తే మీకేం తెలుస్తుందక్కా?" అని నవ్వాను. ఇరవై రెండేళ్లుగా పానా పట్టినవాణ్ని, నాకు ఆ మాత్రం పొగరుండేది.

కొట్టులో ఆ వ్యాన్‌కు సరిపోయేవి రెండు దొరికాయి. ఒకటి వెండి రంగు పెయింటుతో పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. రెండోది కుప్ప అడుగున, జిడ్డూ మట్టీ అట్టకట్టి ఉంది. ఇంజన్ నుంచి తిరుగుడును లోపలికి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్‌ను ఒక్కో గేరు వేసి చేత్తో తిప్పాను. మట్టిది కొంచెం గరగరమంది. మెరిసేది చడీచప్పుడు లేకుండా తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"పట్టేశానక్కా! ఇదే!"

ఆవిడ గొంతుక్కూర్చుని, బాక్స్ రెండు సగాలూ కలిసే అతుకు వెంట గోరు నడిపించింది.

"ఈ బస్తా విప్పి కుట్టారు తమ్ముడూ."

"బస్తా ఏంటక్కా?"

"విప్పి కుట్టిన బస్తాని మిర్చి యార్డులో మేం ఊరికే వదలం. పైన నాలుగు ఎర్రకాయలు పేర్చి, లోపల తెల్లబారిన తాలుకాయ కూరతారు. ఇది కొత్త కుట్టు. ఎందుకు విప్పారో అడుగు."

వంగి చూశాను. అతుకు వెంట కొత్తగా పూసిన సీలెంట్ జిగురు ఉంది. పెయింటు కింద బోల్టుల తలల మీద పానా కరిచిన గాట్లున్నాయి. నా కళ్లకేమొచ్చిందో! విప్పిన ప్రతిదీ చెడ్డదని కాదు, బాగుచేయడానికి కూడా విప్పుతారు. కొట్టు యజమానిని అడిగితే, "కొత్త బేరింగులేశామండీ" అన్నాడు.

"అయితే డ్రెయిన్ బోల్ట్ విప్పుదాం" అన్నాను. అడుగున ఆయిల్ దించే బోల్ట్ అది. ఆయన గొణిగాడు. నేనే విప్పాను. ఆయిల్ కారలేదు, బెల్లం పాకంలా సాగింది. గుడ్డమీద పరిస్తే ఏముంది? రంపపు పొట్టు, దాని మధ్య తళతళలాడే ఇనుప పెచ్చులు! పళ్ల చప్పుడు వినపడకుండా పొట్టు కూరారు. పైన పటారం, లోన లొటారం. సిగ్గూ కోపమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

ఇక మట్టిబాక్స్ మీద పడ్డాను. బోల్టుల చుట్టూ మట్టి చెక్కుచెదరలేదు, ఎవరి చెయ్యీ పడలేదు. నల్లటి ఆయిల్ ధారగా దిగింది. బోల్ట్ చివరి అయస్కాంతానికి వేలికొసంత బూడిదరంగు పొడి మాత్రం అంటుకుంది, అది మామూలు అరుగుదల. షాఫ్ట్ అటూ ఇటూ ఊగలేదు. మూడో గేరు టక్కున పడింది. అయినా రోడ్డెక్కితే గానీ ఎవరూ హామీ ఇవ్వలేరు, ఆ మాటే ఆవిడతో చెప్పాను.

"తీసుకెళ్దాం పద" అంది.

మధ్యాహ్నం పాతది దించి, దీనికి కొత్త ఆయిల్ సీళ్లు వేశాం. క్లచ్ ప్లేటు మధ్య గాడులూ షాఫ్ట్ గాడులూ లెక్కపెట్టి చూసుకుంటే సరిపోయాయి. బాక్స్ దాదాపు అంతా ఎక్కి, చివరి అంగుళం దగ్గర మొరాయించింది. అలాంటప్పుడు బోల్టులు బిగించి లాగితే క్లచ్ ప్లేటు నాశనమవుతుంది. టాప్ గేరు వేసి, "అక్కా, వెనక షాఫ్ట్ మెల్లిగా తిప్పండి!" అని అరిచాను. ఆవిడ చీర కుచ్చెళ్లు దోపుకుని తిప్పింది. గాడిలో గాడి కలిసింది. బాక్స్ సర్రున లోపలికెళ్లింది.

"పడిందక్కా!" నా కేకకు పక్క టీకొట్టువాళ్లు కూడా వచ్చారు.

అయిదింటికి పని ముగించుకుని ముఠా వచ్చింది. అందరం ఎక్కి రైల్వే ఓవర్‌బ్రిడ్జి మీదికి పోనిచ్చాం. ఎత్తు మొదలవగానే నాగరత్నమ్మ మూడో గేరు వేసింది.

"కోటమ్మా, చెయ్యి పెట్టమాక!"

కోటమ్మ రెండు చేతులూ పైకెత్తేసింది. నేను గేరు రాడ్ మీంచి చూపు తిప్పలేదు. వ్యాన్ బరువుగా, నిలకడగా ఎక్కింది. అసలు పరీక్ష దిగుడులో ఉంటుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు అరిగిన గేరు ఇంకా తేలిగ్గా ఎగిరొస్తుంది. ఆవిడ కాలు తీసింది. గేరు కదల్లేదు! వెనక ఎవరో ఈల వేశారు, నేనూ వేశాను.

మర్నాడు ఎనిమిదింటికల్లా వాళ్లు కొత్త స్టోరేజీలో ఉన్నారు. సీజన్ చివరిదాకా ఆ పని వాళ్లదే.

ఇప్పుడు పాత గేర్‌బాక్స్ కొనాల్సి వస్తే బండిగలవాళ్లను వెంట రమ్మంటాను. నాకు తెలిసింది చెప్పి, "మీకేమనిపిస్తోందండీ?" అని అడిగి, వాళ్లు చెప్పేదాకా నోరు మూసుకుంటాను. ఆ రోజు నా నవ్వుకు చిన్నబుచ్చుకుని ఆవిడ షెడ్డులోనే ఉండిపోయి ఉంటే, ఎనిమిదిమంది పని నా చేతులారా పోగొట్టి, పైగా మంచి బాక్స్ వేశానని మీసం తిప్పుకునేవాణ్ని.