కోవెంట్రీ షెడ్డులో పదకొండు వారాలు

జూలై మొదటి శనివారం, ఉదయం 8.40కి రిపోర్ట్ చేశాను. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో పడమర పక్క. సన్నటి తుంపర, పద్నాలుగు డిగ్రీలు. బస్సు దిగి ఏడు నిమిషాల నడక. ఎర్ర ఇటుకల ఇల్లు, వెనక చిన్న తోట, తోట చివర చెక్క షెడ్డు. వంటింటి తలుపు నుంచి షెడ్డు గడపకి పందొమ్మిది అడుగులు. షెడ్డు లోపల పొడవు ఐదు మీటర్ల ఇరవై, వెడల్పు రెండు మీటర్ల అరవై. ఒక బల్బు. కిటికీ లేదు.

వెంట తెచ్చుకున్న సామాను: స్పానర్ల చుట్ట, సందులు కొలిచే ఫీలర్ గేజ్, మందాలు కొలిచే వెర్నియర్, టార్చి, పనిలో తొడుక్కునే ఒక డాంగ్రీ, ఫ్లాస్కులో టీ, నోటుబుక్కు.

మా అనంతపురంలో ఎవరు కలిసినా మంచుకొండల గురించే అడుగుతారు. ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో బండ్ల మెకానిక్‌గా చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. లడఖ్‌లో రెండు చలికాలాలు గడిపాను. అడిగితే చెప్తాను. కానీ నా అంతట నేను చెప్పాలనిపించే డ్యూటీ మాత్రం కోవెంట్రీలో ఈ షెడ్డులో చేసిందే.

నా భార్య ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆమె వెంట వచ్చి నేను పార్సిళ్ళ గోడౌన్లో పనికి కుదిరాను. డ్యూటీ రోటా ప్రకారం శని, ఆదివారాలు సెలవు. ఆ వేసవిలో తుంటి ఎముక విరిగి ఆమె వార్డులో చేరిన ఒక తెలుగు ఆంటీ, మాటల్లో నా పాత ఉద్యోగం సంగతి రాబట్టింది. డిశ్చార్జి అయిన నాలుగో రోజు ఫోన్ చేసింది.

"మీ ఆయన్ని శనివారం పంపమ్మా. పనిముట్లతో రమ్మను."

ఆంటీకి డెబ్బై మూడేళ్ళు. గుంటూరు వైపు వాళ్ళు. ముందు గదిలో మంచం వేశారు. చూపు చాలావరకు పోయింది. నేను గుమ్మంలో నిలబడగానే మొదలుపెట్టింది.

"హవల్దార్‌వట కదా. ఎన్ని బళ్ళు బాగుచేసుంటావు?"

"రాసుకున్నవి రెండు వేల నూట పదహారు, ఆంటీ."

"రాసుకోనివి?"

"రాసుకోనివి లేవు."

ఆమె పడీపడీ నవ్వింది. "అయితే నువ్వే కావాలి నాకు. కూర్చో."

ఆర్డర్ ఇచ్చింది. షెడ్డులో ఒక మోటార్ సైకిల్ ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా దుప్పటి కింద ఉంది. అది నడవాలి. ఇల్లు అమ్మేశారు. సెప్టెంబరులో పదకొండో శనివారం నాడు కూతురు గ్లాస్గో నుంచి వ్యాను తెచ్చి ఆంటీనీ, ఆమె భర్త అంకుల్‌నీ తీసుకెళ్తుంది. అక్కడి ఫ్లాట్‌లో బండికి చోటు లేదు. స్విండన్ అనే ఊళ్ళో ఎవరో కొనుక్కున్నారు, ఆ తర్వాతి సోమవారం వచ్చి తీసుకెళ్తారు.

"అమ్మేశాక నడిచినా నడవకపోయినా ఒకటే కదా ఆంటీ?"

ఆమె కాసేపు దుప్పటి అంచు సరిచేసుకుంది. తర్వాత చెప్పింది.

అంకుల్ ఇక్కడే జీపీగా, అంటే పేట డాక్టరుగా చేశారు. ఆ రోజుల్లో ఆ బండి ఆయనకి ప్రాణం. ఆదివారం వస్తే ఇద్దరూ దాని మీద వేల్స్ కొండల దాకా వెళ్ళేవాళ్ళు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి పాప పుట్టింది. పాపకి పదకొండో నెలలో ఒక వానరోజు సాయంత్రం ఆయన క్లినిక్ నుంచి వస్తూ రౌండబౌట్ దగ్గర జారిపడ్డారు. భుజం ఎముక విరిగింది. కబురు తెలిసేసరికి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ ఆంటీ పాపని ఎత్తుకుని కిటికీ దగ్గరే నిలబడింది. మర్నాడు ఆయన మంచి చెయ్యి పట్టుకుని పాప తల మీద పెట్టించింది. జన్మలో ఆ బండి ముట్టనని ఒట్టు వేయించుకుంది.

"అంత చదువుకున్న మనిషి, ఒక్క మాట అనలేదు నాయనా. బండి లోపల పెట్టి తాళం వేశారు. అంతే. షెడ్డు గడప కూడా తొక్కలేదు."

"మరి మీరే ఎప్పుడో తీసేయొచ్చుగా ఒట్టు?"

"మొదట భయం. పిల్ల పెద్దదయ్యాక సిగ్గు. ఏ మొహం పెట్టుకుని అడగను?" గొంతు తగ్గించింది. "ఒట్టు వేయించినదాన్ని నేనుండాలి. ఎవరి తల మీద వేశారో ఆ పిల్ల ఉండాలి. బండి నడవాలి. ఈ మూడూ ఒకచోట కుదిరేది ఆ శనివారమే. ఈ ఒట్టు తీసే సంగతి ఆయనకి చెప్పకు."

వంటింట్లో అంకుల్ పేపరు చదువుతున్నారు. డెబ్బై ఆరేళ్ళు, బక్కపలచటి మనిషి. తాళంచెవి డ్రాయర్ పైన పెట్టి ఉంచారు.

"తుప్పు తప్ప ఏముండదబ్బాయ్ అందులో," అని పేజీ తిప్పారు.

తుప్పుపట్టిన తాళం తీయడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

బండి మూడు వందల యాభై సీసీ, ఒకే సిలిండర్. మన సైన్యంలో కబుర్లు మోసే డిస్పాచ్ రైడర్లు నడిపే బండికి తాత లాంటిది. ట్యాంకు మీద పేరు సగం చెరిగిపోయింది. నష్టాలు ఒక్కొక్కటీ రాసుకున్నాను. టైర్లు రెండూ పగిలాయి. ఎయిర్ ఫిల్టర్లో ఎలుక గూడు. కార్బ్యురేటర్లో పెట్రోలు ఎండి జిగురైంది. క్లచ్ ప్లేట్లు అతుక్కుపోయాయి. పిస్టన్ సిలిండర్లో బిగుసుకుపోయి ఉంది. మొత్తం నలభై మూడు.

మొదటి వారం స్పానర్ దగ్గరే ఓడిపోయాను. బండి టూల్ బాక్స్‌లో పాత ఇంగ్లీషు స్పానర్లున్నాయి. ఒకదాని మీద పావు అంగుళం అని ఉంది. అంటే ఆరు పాయింట్ మూడు ఐదు మిల్లీమీటర్లు. అది సరిగ్గా పట్టే నట్టుని కొలిస్తే పదమూడు పాయింట్ మూడు. రెండింటికీ పొంతన లేదు. నేను పదో తరగతి దాకా చదివాను. భిన్నాలు, అంగుళాలు అన్నీ బ్యారక్‌లో కూర్చుని సొంతంగా నేర్చుకున్నవే. నా లెక్క తప్పిందేమోనని మూడుసార్లు వేశాను. చివరికి తెలిసింది. ఆ పాత స్పానర్ల మీద ఉండే అంకె నట్టు వెడల్పు కాదు, దాని లోపలి బోల్టు లావు. ఆ వారం నా పద్నాలుగో నంబర్ స్పానరుతో ఒక నట్టు మూలలు అరగదీసింది నిజం. అదీ రాసుకున్నాను.

పిస్టన్ మీద డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి వదిలేశాను. రెండో వారం కదల్లేదు. మూడో వారం కదల్లేదు. నాలుగో శనివారం ఉదయం 10.15కి వెనక చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే వెంట్రుకవాసి కదిలింది. లడఖ్‌లో తెల్లారుజామున ట్రక్కు ఇంజన్ మొదటిసారి తిరిగితే ఎంత ఊపిరి వదిలేవాళ్ళమో అంత వదిలాను.

రేడియో పెట్టింది నా భార్య. పసిపిల్లల గదిలో పెట్టే బేబీ మానిటర్ల జత ఒకటి పాత సామాన్లు అమ్మే ఛారిటీ షాపులో దొరికింది. ఇటు మాట్లాడితే అటు, అటు మాట్లాడితే ఇటు వినపడుతుంది. ఒకటి ఆంటీ మంచం పక్కన, ఒకటి షెడ్డులో అలమార మీద. షెడ్డులో ఏం జరుగుతోందో ఆంటీకి వినాలని కోరిక.

"షెడ్డూ, ఏం చేస్తున్నావు?"

"కార్బ్యురేటర్ కడుగుతున్నా ఆంటీ. ఓవర్."

"ప్రతి మాటకీ ఓవరేంటయ్యా?"

"సైన్యంలో వైర్‌లెస్ అలవాటు ఆంటీ. ఓవర్."

"ఇంద, మీ అంకుల్ పెసరట్టు వేశారు. ఒకటి మాడింది. అది నీకు. ఓవర్."

అంకుల్ ప్లేటు తెచ్చేవారు. వంటింటి తలుపు దగ్గర నిలబడి చేయి చాపేవారు. పందొమ్మిది అడుగులూ నేనే నడిచి వెళ్ళి తీసుకునేవాణ్ణి. ఒక్క అడుగు కూడా ఇటు వేయలేదు ఆయన. కానీ నేను వెళ్ళిన ప్రతిరోజూ అడిగేవారు, వేరే ఎటో చూస్తూ, "క్లచ్ వదిలిందా?" అని.

ఎనిమిదో శనివారం బండి మొత్తం బిగించాను. కొత్త టైర్లు, కొత్త గొట్టాలు, కడిగిన ట్యాంకు, కొత్త పెట్రోలు. మధ్యాహ్నం రెండు గంటలకి కిక్ కొట్టాను. నలభై కిక్కులు. బండి దగ్గింది, సైలెన్సర్లో ఢామ్మని పేలింది, ఆగిపోయింది. ఆదివారం యాభై రెండు. తొమ్మిదో వారం మొత్తం నూట పది. దగ్గు, పేలుడు, మౌనం. కుడికాలి మడమ వాచింది. నిప్పురవ్వ ఉంది. పెట్రోలు ఉంది. సిలిండర్లో గాలి ఒత్తిడి ఉంది. ఏ పుస్తకం చూసినా ఈ మూడూ ఉంటే బండి నడవాలి.

"హవల్దార్," అంది ఆంటీ రేడియోలో. "ఇంకెన్ని శనివారాలున్నాయి?"

"రెండు, ఆంటీ."

"ఊఁ," అంది.

పదో వారం, ఆదివారం, 11.20. ఇరవై ఆరో కిక్ దగ్గర రేడియోలో మగ గొంతు వినపడింది.

"అబ్బాయ్, ఎడమ చేతి పట్టు దగ్గర చిన్న లీవర్ ఒకటుంటుంది. చూశావా?"

"ఉంది అంకుల్. మీరు..."

"బండి ముట్టనని ఒట్టేశాను. మాట్లాడనని వెయ్యలేదు. మూడు వారాల నుంచి ఆ దగ్గు వింటున్నాను. రోగి ఎదురుగా ఉంటే డాక్టరు ఎన్నాళ్ళు నోరు మూసుకుంటాడు? నిప్పు టైమింగ్ ఎంతకి పెట్టావు?"

"పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు."

"ఎవరు చెప్పారు నీకు?"

ఎవరూ చెప్పలేదు. పిస్టన్ పైకొసకి ఎంత దూరంలో ఉండగా నిప్పు పడాలో చెప్పే అంకె అది. ఇరవై నాలుగేళ్ళు మన దేశంలో తయారైన బండ్లకి అదే అంకె పెట్టాను. నిద్రలో అడిగినా చెప్తాను. తాతకీ మనవడికీ ఒకటేలే అనుకున్నాను. మిగతా అన్నీ కొలిచాను, బట్టీ పట్టిన ఆ ఒక్కటీ సరిచూసుకోలేదు.

"మీ సైన్యం బండిలో వేగం పెరిగేకొద్దీ నిప్పుని ముందుకి జరిపే పని లోపలి బరువులు చేస్తాయి," అన్నారు అంకుల్. "దీనికి ఆ పని చేత్తో చేయాలి. ఆ లీవర్ అందుకే. లీవర్ పూర్తిగా ముందుకి పెట్టు. అప్పుడు కొలువు. పదహారో వంతులు ఏడు."

అంగుళంలో పదహారో వంతులు ఏడంటే పదకొండు పాయింట్ ఒకటి మిల్లీమీటర్లు. పది మిల్లీమీటర్లకి పైగా తప్పు. గంటా పది నిమిషాలు పట్టింది సరిచేయడానికి.

"అయింది అంకుల్."

"కిక్ కొట్టేముందు లీవర్ సగం వెనక్కి తీసుకో. లేదంటే కిక్ తిరగతన్ని నీ కాలు కూడా నేనే చూడాల్సొస్తుంది."

ఒకటి. రెండు. మూడో కిక్కుకి అంటుకుంది. షెడ్డు చెక్కలన్నీ అదిరాయి. అలమార మీద మేకుల డబ్బా నడుచుకుంటూ వెళ్ళి కిందపడింది. లీవర్ మెల్లగా ముందుకి తోశాను. దగ్గు పోయింది. ఒక్కొక్క దెబ్బా విడివిడిగా, తీరిగ్గా పడుతోంది.

ఆపేశాక రేడియోలో ఆంటీ గొంతు వినపడింది. నాతో కాదు.

"ఏమండీ. అదేనా?"

"అదే."

నేను రేడియో ఆఫ్ చేశాను.

పదకొండో శనివారం. ఎండ, పందొమ్మిది డిగ్రీలు. 9.30కి వ్యాను వచ్చింది. కూతురికి ముప్ఫై తొమ్మిదేళ్ళు, గ్లాస్గోలో టీచరు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. 11 గంటలకి సామాను ఎక్కించడం అయింది. ఆంటీ వీల్‌చెయిర్‌ని తోట గేటు దగ్గరికి తెమ్మంది. గేటు బయట ఆరిళ్ళకి ఉమ్మడిగా ఉన్న గ్యారేజీల దారి. అవతల చివర తలుపు మూసే ఉంటుంది. ముందురోజే కొలిచాను. అరవై రెండు మీటర్లు.

"ఇందూ, ఇలా వచ్చి మోకాళ్ళ మీద కూర్చో."

"మమ్, ద వ్యాన్ ఈజ్ డబుల్ పార్క్‌డ్." ముందు రోడ్డు మీద వేరే కారుకి అడ్డంగా ఆపి వచ్చింది.

"ఉండనీ."

ఆంటీ చెప్పింది. నాకు చెప్పినంత వివరంగా కాదు. నాలుగు వాక్యాల్లో. కూతురు అలాగే కూర్చుండిపోయింది.

"నా తల మీదా?" అంది. ఆ మూడు మాటలూ తెలుగులో వచ్చాయి. తండ్రి వైపు తిరిగింది. "డాడ్, థర్టీ ఎయిట్ ఇయర్స్?"

"బస్సులో తిరిగాను. బోలెడు పుస్తకాలు చదివాను," అన్నారు అంకుల్ వంటింటి తలుపు దగ్గర్నుంచి. "నష్టమేమీ లేదు."

"ఉంది," అంది ఆంటీ. కూతురు జుట్టు వెతుక్కుని అరచెయ్యి ఆనించింది. "ఏమండీ, ఆ రోజు నేను వేయించిన ఒట్టు తీసేస్తున్నాను. తీసేశాను. తీసేశాను. పిల్లకేం కాదు. తప్పు నాది."

అంకుల్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"నాకు డెబ్బై ఆరు, సుభద్రా."

"బండికి మీకంటే రెండేళ్ళే తక్కువ. అదే నడుస్తోంది."

కూతురు ఏడుస్తూనే నవ్వింది. అంకుల్ వంటింటి మెట్టు దిగారు. పందొమ్మిది అడుగులు. నేను లెక్కపెట్టాను. ఆయనకి ఇరవై మూడు పట్టాయి. షెడ్డు గడప దగ్గర ఒక్క క్షణం ఆగి కూతురి వంక చూశారు. ఆమె తల ఊపింది. కాలు లోపల పెట్టారు. సీటు మీద చెయ్యి వేశారు.

నేను తెచ్చిన హెల్మెట్ పెట్టుకున్నారు. బండిని దారి మీదకి తోశాం. కిక్ నేనే కొట్టాను. లీవర్ మాత్రం ఆయనే పట్టుకున్నారు, చూడకుండానే. మొదటి గేరు. నేను పక్కనే నడవడానికి సిద్ధంగా నిలబడ్డాను.

"పక్కకి తప్పుకో అబ్బాయ్," అన్నారు.

తప్పుకున్నాను.

బండి కదలగానే ఆంటీ మొహం అటువైపు నుంచి పూర్తిగా తిప్పేసుకుంది. కంచె వైపు. భయపడుతోందనుకున్నాను. ఆ వానరోజు గుర్తొచ్చిందనుకున్నాను.

"ఆంటీని లోపలికి తీసుకెళ్దామా?" అని కూతుర్ని అడిగాను.

"నో, నో. షీ ఈజ్ వాచింగ్ హిమ్," అంది. ఆంటీ కంట్లో మధ్య చూపు పోయిందట. అంచుల్లో మాత్రమే కొంచెం మిగిలింది. దేన్నైనా చూడాలనుకుంటే దానికి ఎదురుగా చూడకూడదు, పక్కకి తిరగాలి.

సాయంత్రం 4.10 బస్సుకి ఇంటికి తిరిగొచ్చాను. స్పానర్ల చుట్ట, ఫీలర్ గేజ్, వెర్నియర్, టార్చి, డాంగ్రీ, ఫ్లాస్కు, నోటుబుక్కు అన్నీ సరిపోయాయి. నా భార్య డ్యూటీ నుంచి వచ్చి, ఏమైందని అడిగింది. బండి నడిచిందని చెప్పాను.

కంచె వైపు తిరిగిన ఆ మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. ఆయన దూరం వెళ్ళేకొద్దీ అది కొద్దికొద్దిగా కదులుతూ ఉంటుంది, ఆయన్ని చూపులో మిగిలిన ఆ చివరి అంచులోంచి జారిపోనివ్వకుండా.