పలచబడిన గులాబీ రంగు

1969 వేసవి, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు. తార్నాక రోడ్డు మీద టైర్లు కాలిన వాసన యూనివర్సిటీ ల్యాబ్ కిటికీల దాకా వచ్చేది. అక్కడి టెక్నీషియన్ ఏసురత్నానిది గుంటూరు వైపు. లాలాపేట్‌లో కాపురం పెట్టి పద్దెనిమిదేళ్లు. ఆ వేసవిలో ఆయన ప్రాణమంతా ఒక రంగు చుట్టూ తిరిగింది.

కూతురు విజయకుమారికి ఎనిమిదో నెల. ముందు రెండుసార్లూ బిడ్డ కడుపులోనే ఆరిపోయింది. అందుకే డాక్టరమ్మ వారం వారం ఈస్ట్రియాల్ చూడమంది. అది బిడ్డా, బిడ్డను పోషించే మాయా కలిసి తయారుచేసే హార్మోను. తల్లి మూత్రంలో బయటికొస్తుంది. ఒక పగలూ రాత్రీ సీసాలో పట్టిందంతా తెచ్చి ఆమ్లంతో వేడిచేస్తే గులాబీ రంగు తేలుతుంది. బిడ్డ పెరిగేకొద్దీ రంగు చిక్కబడాలి. చీకట్లోంచి బిడ్డ పంపే కబురు అదొక్కటే.

"గుంటూరోళ్ల ఉచ్చ గూడ గింత పదిలమా సారూ?" సీసా అందుకుంటూ అటెండరు చంద్రయ్య ఏడిపించేవాడు.

"నీ మనవడిదైతే నువ్వూ నెత్తిన పెట్టుకుంటావయ్యా."

ఆ సోమవారం రంగు పలచబడింది. ఏసురత్నం ఇంటికి పరుగెత్తాడు.

"నిన్న చర్చికి సీసా తీసుకెళ్లావా అమ్మా?"

విజయకుమారి తల దించుకుంది. "ఆరాధనకి అదెలా పట్టుకెళ్తాను నాన్నా, సిగ్గులేకుండా? అక్కడ రెండుసార్లు ఒంటికి వెళ్లాను."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. తగ్గింది సీసాలోనే, కడుపులో కాదు. డాక్టరమ్మకు చెప్పలేదు. మంగళవారం పొద్దున్నుంచి మళ్లీ పట్టమన్నాడు.

బుధవారం సీసా నిండుగా వచ్చింది. ఒక్క చుక్క పోలేదు. రంగు మాత్రం ఇంకా వెలిసిపోయింది.

బయట బంద్. చంద్రయ్య ఎక్కడినుంచో రిక్షా తెచ్చాడు. ఇద్దరూ లాలాపేట్ వెళ్లి విజయకుమారిని ఎక్కించారు.

"నువ్వు నోరు తెరవకు సారూ. నీ మాట వింటే గీడనే ఆపుతరు. నేను మాట్లాడత."

తార్నాక దగ్గర విద్యార్థులు డ్రమ్ములు అడ్డం పెట్టి ఉన్నారు.

"ఏ ఊరోళ్లు?"

"నా బిడ్డె. దవాఖానకు పోతున్నం, జర జరుగుండ్రి."

"మరి గీ సారెవరు? మాటలు రావా?"

విజయకుమారి తండ్రి చొక్కా పట్టుకుంది. "పొద్దుటి నుంచి కడుపులో వీడు కదలట్లేదు నాన్నా!"

ఆ గుంటూరు యాసకి చంద్రయ్య కళ్లు మూసుకున్నాడు. కర్ర పట్టుకున్నవాడు ఆమె పొట్ట వైపు చూశాడు. డ్రమ్మును కాలితో పక్కకు దొర్లించాడు.

"జల్ది పోనియ్ కాకా."

ఏసురత్నం కూతురి పొట్ట మీద అరచెయ్యి ఆనించాడు. ఆసుపత్రి గేటు దాకా తీయలేదు. చేతి కింద ఏదీ కదలలేదు.