షర్బత్ పుల్లగా ఉందన్న రోజు

మా ఆయన ఫస్ట్ షిఫ్టు దిగి రాగానే చెంబెడు మామిడికాయ షర్బత్ తాగందే బూట్లు విప్పేవాడు కాదు. కాయలు ఉడకబెట్టి, గుజ్జు పిసికి, బెల్లం, జీలకర్ర పొడి, ఇంత ఉప్పు వేసి రంజన్ కుండలోని చల్లటి నీళ్లు కలుపుతాను. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో ఎవరింటికి చుట్టాలొచ్చినా గిన్నె పట్టుకుని నా దగ్గరికే వస్తారు. అలాంటిది ఒకరోజు మా ఆయన ఒక్క గుక్క తాగి వాకిట్లో ఊసేశాడు.

"ఏందే, ఇండ్ల మిరపకాయ పిసికినవా? నోరంత మంట."

"షర్బత్‌ల మిరపకాయ ఎవరన్న ఏస్తరా? కాయ పుల్లగున్నదేమో."

గడపలో కూర్చున్న మా అత్త నవ్వింది. "నీ చెయ్యి తప్పింది కోడలా!"

మరునాడు బెల్లం ఎక్కువేశాను. మంటే. బత్తాయి పిండాను, మంటే. ద్రాక్ష కూడా అంతే. చివరికి పుచ్చకాయ రసం ఒక్కటే తాగేవాడు. తర్వాత తర్వాత ముద్ద చిన్నదైంది. ఇడ్లీ కూడా గోరంత తుంచి పెట్టుకుంటుంటే పంటి నొప్పి అనుకున్నాం.

ఆయన పని బొగ్గు గనిలో. ఆ బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు, జేబులు తడిమి చూస్తారు. అందుకని లోపల చాలామంది వక్క కలిపిన తంబాకు నములుతారు. మా ఆయన చెంపలో అది ఎప్పుడూ ఉండేది. బీడీ మానేశాడని మేమంతా సంతోషపడ్డాం కూడా.

చెంప లోపల పుండు మానకపోతే దవాఖానకు పోయాం. డాక్టరమ్మ నోరు తెరవమంది. సగం కూడా తెరుచుకోలేదు. "ఎప్పటినుంచి మండుతోంది?" అని అడిగింది.

"పోయిన మామిడికాయల కాలం నుంచి మేడం."

ఆమె నా మొహం చూసి, బయాప్సీకి రాసింది. స్క్వామస్ సెల్ కార్సినోమా అన్నారు, అంటే నోటి క్యాన్సర్. నాకు చదువు తక్కువ గానీ ఒకసారి విన్నది మరిచిపోను.

హైదరాబాద్‌లో సర్జరీ. చెంప, దవడ ఎముక కొంత తీసేసి, తొడ కండ తెచ్చి కుట్టారు. ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేశారు. సిరంజితో పాలు పోస్తే నాలుకకు తగలకుండానే కడుపులోకి పోయేవి. ఆయనకు ఒకటే ఆశ, నోటితో ఒక్క గుక్క తాగాలని.

ఒకరోజు పెద్ద డాక్టర్ సారు, "ఇవాళ నోటితో కొంచెం ఇచ్చి చూడమ్మా" అన్నాడు. దానిమ్మ గింజలు బట్టలో పిండి చెంచాతో పోశాను. మింగాడు. కళ్లు మెరిశాయి. అంతలోనే దవడ కింద కుట్లలోంచి ఎర్రగా కారింది. రక్తమని కేక పెట్టాను. నర్సు తుడిచి చూసింది.

"రక్తం కాదమ్మా, నువ్వు పోసిన రసమే."

ఫిస్టులా అన్నారు, లోపలి కుట్టు విడిపోయి బయటికి రంధ్రం పడిందట. నోరు మళ్లీ బంద్. అది మూసుకున్నాక రేడియేషన్ మొదలైంది. నోరంతా లోపల చర్మం ఒలిచినట్టయింది. నీళ్లు తగిలినా మంచం పట్టె గుద్దేవాడు.

ఇప్పుడు ట్యూబ్ లేదు. సపోటా, బొప్పాయి మెత్తగా చేసి, వడగట్టి ఇస్తాను. "ఎట్లున్నదయ్యా?" అంటే "సల్లగున్నది" అంటాడు. రుచి తెలియదు. మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక, కంపెనీ రూలు ప్రకారం ఆయన ఉద్యోగం మా కొడుకు శ్రీకాంత్‌కు వచ్చింది.

ఈ ఎండాకాలం వాడు షిఫ్టు దిగి వచ్చాడు. మామిడికాయ షర్బత్ ఇచ్చాను. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

"గింత పులుపేందే అమ్మా? నోరు మండుతున్నది."

మంచం మీదున్న మా ఆయన లేచి వచ్చాడు. "నోరు తెర్వు."

"ఏం లేదు బాపూ, ఊకో."

"తెర్వురా!"

రేడియేషన్ అయ్యాక దవాఖానలో తనకు నేర్పినట్టు, కొడుకు చెయ్యి పట్టి వాడి వేళ్లే మూడు నిలువుగా కలిపి వాడి నోట్లో పెట్టించబోయాడు. రెండు వేళ్లు దూరాయి. మూడోది దూరలేదు. ఆయన ఇంకో చేత్తో వాడి జేబులోంచి తంబాకు పొట్లం తీసి, ఆ షర్బత్ చెంబులో పడేశాడు. ఆ రోజే వాణ్ణి దవాఖానకు తీసుకుపోయాం.

"ఫైబ్రోసిస్, చెంపల లోపల గట్టిపడింది. క్యాన్సర్ కాదు, ఇప్పటికైతే" అన్నాడు ఈఎన్‌టీ డాక్టర్. "బిగుసుకున్న నోరు మునుపటిలా కావడం కష్టం. వక్క, తంబాకు మానకపోతే ఇంకా బిగుస్తుంది." మానేశానంటున్నాడు శ్రీకాంత్. వాళ్ల బాపు మాత్రం షిఫ్టు వదిలే వేళకు బాయి గేటు దగ్గర నిలబడతాడు, కొడుకు నోరు తెరిపించి చూడటానికి.

మీ ఇంట్లో ఎవరైనా రసం మండుతుందంటే ముందు మీరు ఒక గుక్క తాగి చూడండి. మీకు మండకపోతే బెల్లం డబ్బా ముట్టకండి. ఆ మనిషి నోరు తెరిపించి, వాళ్ల వేళ్లే మూడు నిలువుగా పెట్టించండి. మూడోది దూరకపోతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.