తలుపు పిడి పట్టుకున్నాక చెప్పే నొప్పి

ఆర్డిత్ బ్రింక్‌మన్ ముప్పై ఒక్క సంవత్సరాలు అయోవాలోని మా డావెన్‌పోర్ట్ బడిలో వంటశాల నడిపింది. ఊళ్ళో నలభై దాటని వాళ్ళంతా ఆమె గరిటె కింద పెరిగినవాళ్ళే. పదవీ విరమణ చేశాక రెండు నెలలు ఇంట్లో కూర్చుని స్కార్ఫులు అల్లింది. వాటిని చుట్టడానికి బంధువుల మెడలు చాలక, అరవై నాలుగో ఏట, కొండ మీది వెన్నెముక పరిశోధన కేంద్రంలో గుమాస్తాగా చేరింది.

మొదటి వారంలోనే అక్కడి బల్ల మీద నిలబెట్టిన ప్లాస్టిక్ వెన్నెముకకు ఎర్ర స్కార్ఫు కట్టేసింది. దాని ఇరవై నాలుగు పూసలకూ బడిలో తనను బాగా ఏడిపించిన ఇరవై నలుగురు పిల్లల పేర్లు పెట్టింది.

"ఈ నడుం పూసల్లో కింద ఐదోవాడున్నాడే, వీడు క్లిఫర్డ్. అందరి బరువూ వీడి మీదే, అల్లరంతా వీడిదే" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

మా ఊళ్ళో వెన్ను సర్దించుకోవడమంటే క్షవరం చేయించుకున్నట్టే. నెలకోసారి బోర్లా పడుకుంటాం, వైద్యుడు ఎక్కడో నొక్కుతాడు, టప్పుమంటుంది, లేచి వానల సంగతి మాట్లాడుకుంటూ వచ్చేస్తాం. నడుం పట్టేసినా అదే, నిద్ర పట్టకపోయినా అదే, అత్తగారు వారం రోజులుంటానని ఉత్తరం రాసినా అదే.

ఇదంతా నిజమా అని అడగడానికి ఒక మనిషి న్యూజెర్సీ నుంచి రావలసి వచ్చింది. ఆమె డాక్టర్ మారిసా ఫనెల్లి. తానూ వెన్ను వైద్యురాలే. వెన్ను సర్దితే నడుం నొప్పి నిజంగా తగ్గుతుందా, దానితోపాటు నరాల పనితీరూ, నిద్రా, నడకలో నిలకడా ఏమైనా మారతాయా అన్నది ఆమె పరిశోధన. సగం మందికి వెన్ను సర్దుతారు, సగం మందితో వ్యాయామం మాత్రం చేయిస్తారు, రెండేళ్ళు కొలుస్తారు.

"ఏం తేలుతుందంటావు డాక్టరమ్మా?" అని ఆర్డిత్ మొదటి రోజే అడిగింది.

"తెలీదండీ. తెలీకే కదా ఈ తంటా."

ఆ జవాబు ఆర్డిత్‌కు తెగ నచ్చింది. "నేను నలభై ఏళ్ళుగా జలుబు చేసినా వెన్ను నొక్కించుకుంటున్నాను. నొక్కితే పోయిందో, దానంతటదే పోయిందో తెలుసుకోకుండా మాత్రం చచ్చిపోను" అని ప్రకటించింది.

కానీ పరిశోధన మొదలవ్వాలంటే మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదింటికల్లా అరవై మంది చేరాలి. చేరని పక్షంలో నిధులు వెనక్కి పోతాయి, కేంద్రంలో ఆ గదికి తాళం పడుతుంది. చేరేవాళ్ళకు షరతు ఒక్కటే. నొప్పి లేకపోతే సున్నా, భరించలేకపోతే పది అనుకున్నప్పుడు, వాళ్ళ నొప్పి కనీసం నాలుగు ఉండాలి.

ఆ నాలుగు దగ్గరే బండి కూరుకుపోయింది.

ట్రాక్టర్ల కర్మాగారంలో వెల్డింగ్ చేసి రిటైరైన డెల్మర్ హోథ్ గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. కుర్చీలోకి దిగడానికి మూడు విడతలు పట్టింది. మూడో విడతలో అతని నోట్లోంచి ఈల లాంటి శబ్దం వచ్చింది.

"ఈ వారంలో మీ నొప్పికి ఎంత అంకె వేస్తారు?" అని ఆర్డిత్ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. ఒక్క మాట కూడా కలపకూడదన్నది నిబంధన.

"ఓ రెండు ఉంటుందేమోలే. చెప్పుకునేంత కాదు."

ఆర్డిత్ పళ్ళు బిగించి రెండు రాసింది. అది ఫిబ్రవరి ఆఖరి రోజు. అతనితో కలిపి అప్పటికి నూట పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో తొంభై ఇద్దరివి రెండూ, ఆలోపు అంకెలే. అంతకుముందు ఒకావిడ చేతికర్ర మీద పూర్తిగా వేలాడుతూ, "ఒకటిన్నర వేసుకోమ్మా, ఇంకా కష్టాల్లో ఉన్నవాళ్ళకి చోటుండాలి" అంది.

లోపలి గదిలో ఆ కాగితాలు తిరగేస్తూ ఫనెల్లి జుట్టు పట్టుకుంది. "మా ఊళ్ళో సూప్ చల్లారితేనే ఎనిమిదంటారు! మీవాళ్ళకి ఏమైందండీ?"

"మొహమాటం డాక్టరమ్మా. దానికి మాత్రం ఏ పూసా నొక్కలేం."

ఇంతలో గుమ్మం దగ్గరి నుంచి డెల్మర్ గొంతు వినబడింది. వెళ్తానని లేచి అప్పటికి ఇరవై నిమిషాలైంది. మా దగ్గర వీడ్కోలు ఒక్క మాటతో అయ్యేది కాదు. ముందు మోకాళ్ళ మీద రెండు చేతులూ చరిచి "సరే మరి" అనాలి. లేచి నిలబడి మరో పది నిమిషాలు మాట్లాడాలి. కోటు వేసుకుంటూ ఒక విడత, తలుపు పిడి మీద చెయ్యి వేశాక అసలు విడత. ఎవరికి కాన్సర్, ఎవరి కొడుకు ఉద్యోగం పోయింది, అన్నీ ఆ పిడి పట్టుకున్నాకే బయటికొస్తాయి.

డెల్మర్ ఇప్పుడు పిడి పట్టుకుని ఉన్నాడు. "అంటే, పెద్ద విషయమేం కాదు గానీ, క్రిస్మస్ నుంచి నాకు సాక్సులు మా ఆవిడ లవోనే తొడుగుతోంది. నిన్న చర్చి కింది హాల్లో భోజనాలప్పుడు మొక్కజొన్న కాసెరోల్ గిన్నె ఎత్తబోయి కళ్ళు తిరిగాయి. గిన్నె పడలేదులే, నేనే పడ్డాను."

ఆర్డిత్ కలం వదిలేసి లేచింది. లోపలి గదిలోకి పరుగెత్తి, "డాక్టరమ్మా! మనం అడుగుతున్న ప్రశ్న మంచిదే. అడుగుతున్న చోటే తప్పు!" అని కేక పెట్టింది.

అడిగే చోటు మార్చవచ్చా అని ఫనెల్లి రాస్తే, నిబంధనలు చూసే సంఘం వారం తర్వాత జవాబు రాసింది. ప్రశ్నలో అక్షరం మారకూడదు, ఎవరినీ తొందరపెట్టకూడదు, ప్రోత్సహించకూడదు. ఎక్కడ అడగాలో మాత్రం మీ ఇష్టం, అందరినీ ఒకే చోట అడిగితే చాలు. ఇప్పటికే వచ్చి వెళ్ళినవాళ్ళను కూడా మళ్ళీ పిలవచ్చు.

ఆ మధ్యాహ్నమే ఆర్డిత్ తన బల్లను తోసుకుంటూ వెళ్ళి వీధి తలుపు పక్కన వేసింది. స్కార్ఫు కట్టుకున్న వెన్నెముక కూడా కదిలింది. ఇక నుంచి వచ్చినవాళ్ళు లోపల కుర్చీలో కాఫీ తాగుతారు, పుల్లటి రబర్బ్ కాడలు వేసి చేసిన కేకు ముక్కలు తింటారు, ఎత్తూ బరువూ చూపించుకుంటారు, "సరే మరి" అంటారు. కోటు వేసుకుని పిడి మీద చెయ్యి వేసిన క్షణాన ఆర్డిత్ కాగితం ఎత్తి ప్రశ్న చదువుతుంది.

మొదట డెల్మరే.

"ఓ రెండు..." అని పిడి వైపు చూశాడు. "అబ్బే, ఎందుకులే. ఏడున్నర."

పక్కనున్న లవోన్ అతని భుజం మీద ఒక్కటిచ్చింది. "ఏడున్నరా! నాకు మాత్రం గుమ్మడి గింజంత కూడా చెప్పలేదేం?"

"నువ్వు అడిగినప్పుడు నేను కుర్చీలో కూర్చునున్నానే!"

ఆ తర్వాత ఆ గుమ్మంలో ఆరులూ ఏడులూ వరదలా పారాయి. చేతికర్ర ఆవిడ తొమ్మిదని చెప్పి, ఎవరినో తిట్టినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇదివరకు చేరిన పంతొమ్మిది మందిని పిలిచి అడిగితే వాళ్ళ అంకెలూ పెరిగాయి. తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చే మార్చి గాలికి ఫనెల్లి రెండు కోట్లు తొడుక్కుని, ముక్కు ఎర్రగా చేసుకుని, ఆనందం పట్టలేక గంతులేసేది. "నెమ్మది డాక్టరమ్మా, క్లిఫర్డ్ జారతాడు" అని ఆర్డిత్ హెచ్చరించేది.

మార్చి ముప్పై ఒకటిన మధ్యాహ్నానికి యాభై తొమ్మిది మందయ్యారు. మూడున్నరకు ఆర్విల్ టైగ్ వచ్చాడు. ఊరి బయట ఒంటరిగా పశువులు మేపుకునే యాభై ఏళ్ళ మనిషి. కాఫీ నిలబడే తాగాడు. కూర్చోమంటే, "ఇలాగే బావుందండీ" అన్నాడు. నాలుగున్నరకు అతని జేబులో ఫోను మోగింది. ఆవు ఈనుతోందట. "సరే మరి" లేదు, మోకాళ్ళు చరచడం లేదు. తలుపు నెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆర్డిత్ కాగితం ఎత్తేసరికి తలుపు ఊగుతోంది.

"అయిపోయింది" అంది ఫనెల్లి గోడకు జారబడి. "అయోవా మొత్తంలో వీడ్కోలు చెప్పకుండా పోయే ఒకే ఒక్క మగాడు మన అరవయ్యోవాడు."

ఆర్డిత్ కోటు కూడా లేకుండా బయటికి పరుగెత్తింది. ఆర్విల్ ట్రక్కు ఎక్కి కూర్చున్నాడు గానీ ఇంకా కదల్లేదు. ఎక్కిన నొప్పి దిగేదాకా స్టీరింగు పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉన్నాడు. ఆమెను చూసి అద్దం దించాడు.

ప్రశ్న నాలుక చివర ఉంది. కానీ అడగవలసిన చోటు ఇది కాదు. ఆర్డిత్ పెదవి కొరుక్కుంది. "ఆర్విల్, మీ ఆవు దగ్గర ఎవరున్నారు?"

"పక్కింటి బెర్నీస్ ఉంది. నాకన్నా బాగా చూస్తుందిలే."

"అయితే నేను చెప్పేది ఒక్కటే. ఐదింటి దాకా తలుపు తెరిచే ఉంటుంది. ఇష్టమైతేనే రండి. బలవంతం లేదు."

అని వెనక్కి తిరిగి నడిచింది. వెనక్కి చూడలేదు. చూస్తే అదీ బలవంతమే అవుతుందేమోనని భయం. గుమ్మంలో నిలబడ్డ ఫనెల్లి ముఖంలోనే ఆమె వెనకాల జరిగేదంతా చదువుకుంది. ముందు ఏమీ లేదు. తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి. ట్రక్కు తలుపు కిర్రుమంది.

దిగడానికి అతనికి నాలుగు నిమిషాలు, మెట్లకు మూడు పట్టాయి. ఆ ఏడు నిమిషాలూ ఇద్దరు ఆడవాళ్ళూ గోడ గడియారాన్ని తిట్టుకున్నారు. అతను గుమ్మంలోకి వచ్చి టోపీ తీసి, చెయ్యి పిడి మీద వేశాడు.

"ఈ వారంలో మీ నొప్పికి ఎంత అంకె వేస్తారు?" అని ఆర్డిత్ చదివింది.

"రెండు" అన్నాడు ఆర్విల్.

ఫనెల్లి కళ్ళు మూసుకుంది. ఆర్డిత్ కలం కాగితం మీద ఆనించింది గానీ, తొందరపెట్టకూడదన్నది నిబంధన కాబట్టి, రాయడానికి కూడా తొందరపడలేదు. అతను తలుపు బయట ఆకాశం కేసి చూశాడు. రాత్రికి మంచు పడొచ్చన్నాడు. ఈసారి విత్తనాలు ఆలస్యమవుతాయన్నాడు. టోపీని చేతిలో ఒక చుట్టు తిప్పాడు.

"రెండంటే, నిలబడినప్పుడు" అన్నాడు. "పడుకుంటే ఎనిమిది. అక్టోబరు నుంచీ వాలు కుర్చీలోనే నిద్ర. మీరు అడిగింది వారమంతా కదా, మరి రాత్రుళ్ళు కూడా లెక్కలోకి వస్తాయేమో?"

"వస్తాయి" అంది ఆర్డిత్. అంతకుమించి ఒక్క మాట కలపలేదు.

"అయితే ఎనిమిది."

నాలుగు యాభై ఆరుకు ఆమె ఎనిమిది రాసింది. ఫనెల్లి రెండు కోట్లతో సహా ఆమె మెడకు చుట్టుకుపోయింది. ఇద్దరూ గుమ్మంలో గుండ్రంగా తిరుగుతుంటే ఆర్విల్ కంగారుగా పక్కకు జరిగాడు.

"నేనేమైనా ఎక్కువ చెప్పానా?" అన్నాడు. "మీకు ఇబ్బందైతే ఏడే వేసుకోండి."