టైపిస్టుగారి వంటిల్లు

కోర్టులో పొద్దంతా వాంగ్మూలాలు టైపు చేసి వచ్చిన ఆవిడ, వేళ్లు విరుచుకుంటూ నేరుగా వంటింట్లోకి వెళుతుంది. పనికిరాని కోర్టు కాగితాల వెనక టైపు చేసుకున్న దేశదేశాల వంటలు అల్మరా తలుపుకు అంటించి ఉంటాయి. చలికాలమంతా ఫ్రెంచివాళ్ల ఉల్లిపాయ సూపు కాచింది. ఎండలు ముదరగానే స్పెయిన్‌వాళ్ల చల్లటి టమాటా సూపు చేసింది. వానలు పడ్డాక జపాను నూడుల్సు మొదలుపెట్టింది. గరిటె అంచున అంటినది నాలుకకు రాసుకుని ఉప్పు చూస్తుంది, అంతే. ఇదంతా పదహారేళ్ల కూతురి కోసం. ఏడాదిగా ఆ పిల్ల తిండి మానేసి చీపురుపుల్లలా అయిపోయింది. ఏ దేశపు వంటైనా సరే, నాలుగు చెంచాలు లోపలికి పోతే చాలని తల్లి ఆరాటం.

ఒక ఆదివారం గది ఊడుస్తుంటే కూతురి మంచం కింద మూతపెట్టిన డబ్బాలు కనిపించాయి. గదిలో తింటానని ఆ పిల్ల పట్టుకెళ్లిన వారం రోజుల వంటలూ వాటిలో బూజు పట్టి ఉన్నాయి. ఆవిడ ఒక డబ్బా చేత్తో పట్టుకుని కూతుర్ని పిలిచింది.

"తిన్నానని నా మీద ఒట్టేశావు కదే!"

కూతురు గోడకు ఆనుకుని నిలబడింది. "నువ్వు తింటున్నావా? కంచం ముందు కూర్చుని ఎన్నాళ్లయిందో చెప్పు."

ఆవిడ ఆలోచించింది. గుర్తు రాలేదు.

"నువ్వు తినకపోతే నాకెలా దిగుతుందే?"

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే నాకెలా దిగుతుందమ్మా?"

ఆ మధ్యాహ్నం ఆవిడ రెండు గిన్నెల్లో నూడుల్సు వడ్డించి, కూతురికి ఎదురుగా కాక పక్కన కూర్చుంది. చాలాసేపటికి పక్కనుంచి చెంచా గిన్నెకు తగిలిన చప్పుడైంది. తల తిప్పకుండా, కిటికీవైపే చూస్తూ, ఆవిడ తన చెంచా ఎత్తింది.